పేరు కొడితే కేసు వస్తదా? ఎఫ్ఐఆర్, అరెస్ట్, కోర్టు రికార్డులు ఫోన్లో చూసుకునే పద్ధతి

ఈరోజు ఎపిసోడ్‌లో ఒకే ఒక్క ప్రశ్న తీసుకుందాం. ఒక మనిషి మీద పోలీస్ కేసు ఉందా, అరెస్ట్ చేశారా, కోర్టులో ఏం నడుస్తోంది, ఇవన్నీ మన ఫోన్లోనే చూసుకోవచ్చా?

చూసుకోవచ్చు. కాకపోతే చాలామంది అనుకుంటున్నట్టు కాదు. పేరు టైప్ చేయగానే ఆ మనిషి నేర చరిత్ర మొత్తం బయటపెట్టే పబ్లిక్ వెబ్‌సైట్ మన దేశంలో లేదు. పోలీసులకి సీసీటీఎన్ఎస్ అనే నెట్‌వర్క్ ఉంది, స్టేషన్లన్నిటినీ కలిపేది అదే. కానీ అందులోకి మనం పోలేం. మనకి కనిపించేది కేసు రికార్డు మాత్రమే. మనిషి రికార్డు వేరు, కేసు రికార్డు వేరు. ఈ తేడా గుర్తుపెట్టుకుంటే మిగతా ఎపిసోడ్ అంతా ఈజీగా అర్థమైపోతుంది.

ముందుగా ఒక జాగ్రత్త. గూగుల్‌లో ఇంగ్లిష్‌లో "క్రిమినల్ రికార్డ్ సెర్చ్" అని కొడితే వచ్చే సైట్లలో చాలావరకు అమెరికావి. అక్కడ చాలా చోట్ల షెరీఫ్ ఆఫీసులే అరెస్టైన వాళ్ల పేర్లు, ఫోటోలు ఆన్‌లైన్‌లో పెడతాయి. ఆ ఫోటోలు ఎత్తుకొచ్చి, "తీసేయాలంటే డబ్బు కట్టు" అని వ్యాపారం చేసే సైట్లు కూడా పుట్టుకొచ్చాయి. జార్జియా లాంటి రాష్ట్రాలు 2013లో దాని మీద చట్టమే చేయాల్సి వచ్చింది. ఆ సైట్లలో డబ్బు కట్టి హైదరాబాద్ మనిషి గురించి వెతికితే ఏమీ దొరకదు, డబ్బు పోతుంది అంతే. మన దగ్గర చూడాల్సినవి ప్రభుత్వ సైట్లు. చూడటానికి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.

అసలు ఎవరికి అవసరం?

పాతబస్తీలో ఉన్నవాళ్లకి ఇది చెప్పక్కర్లేదు. రాత్రి రెండింటికి బండి మీద వస్తున్న తమ్ముడిని ఆపారు, ఠాణాకి తీసుకెళ్లారు. ఏ ఠాణా? చార్మినారా, మొఘల్‌పురానా, భవానీనగరా, ఫలక్‌నుమానా? ఇంట్లో అమ్మ ఏడుస్తుంటుంది. నాన్నకి ఇంగ్లిష్ రాదు. అప్పుడు గల్లీలో ఎవరో ఒకాయన వస్తాడు. "నాకు లోపల మనుషులు తెలుసు, ఇరవై వేలు ఇవ్వండి, కేసు ఏందో కనుక్కుంటా" అంటాడు. ఆయన ఇరవై వేలకి చెప్పే సమాచారంలో సగం మీ చేతిలో ఉన్న ఫోన్లో ఫ్రీగా దొరుకుతుంది. మిగతా సగం పోలీసులు మీకు చెప్పి తీరాలి, అది చట్టం. ఇప్పుడు రెండూ చూద్దాం.

మొదటి మెట్టు: అరెస్ట్ అయ్యారా?

2024 జులై 1 నుంచి పాత సీఆర్‌పీసీ స్థానంలో బీఎన్ఎస్ఎస్, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత వచ్చింది. దీంట్లో 37వ సెక్షన్ ప్రకారం ప్రతి జిల్లాలో, ప్రతి పోలీస్ స్టేషన్లో ఒక అధికారి ఉండాలి. ఏఎస్ఐ ర్యాంకుకి తగ్గకూడదు. అరెస్టైన వాళ్ల పేర్లు, అడ్రస్‌లు, ఏ నేరం కింద పట్టుకున్నారు అన్న సమాచారం చూసుకోవడం ఆయన డ్యూటీ. ఆ వివరాలు స్టేషన్లో, జిల్లా కేంద్రంలో అందరికీ కనిపించేలా పెట్టాలి. డిజిటల్ పద్ధతిలో కూడా పెట్టొచ్చు అని చట్టంలోనే ఉంది. కాబట్టి స్టేషన్‌కి వెళ్లినప్పుడు "సార్, సెక్షన్ 37 కింద అరెస్ట్ వివరాలు చూసే ఆఫీసర్ ఎవరు?" అని మర్యాదగా అడగండి. గొంతు పెంచొద్దు, సెక్షన్ నంబర్ చెప్పండి చాలు.

48వ సెక్షన్ ఇంకా ముఖ్యం. అరెస్ట్ చేసిన పోలీసులు, ఆ సంగతి, ఎక్కడ ఉంచారన్న సంగతి కుటుంబ సభ్యులకో, ఫ్రెండ్‌కో, అతను చెప్పిన మనిషికో వెంటనే తెలియజేయాలి. ఈ రూల్ వెనక 1996 డిసెంబర్‌లో సుప్రీంకోర్టు ఇచ్చిన డీకే బసు తీర్పు ఉంది. అరెస్ట్ మెమో రాయాలి, దాని మీద సాక్షి సంతకం ఉండాలి అని చెప్పిన తీర్పు అదే. రాజ్యాంగం 22వ ఆర్టికల్ ప్రకారం 24 గంటల్లోపు మేజిస్ట్రేట్ ముందు హాజరుపరచాలి. ప్రయాణానికి పట్టే టైమ్ ఒక్కటే దీంట్లోంచి తీసేస్తారు. నాంపల్లి కోర్టుకి పాతబస్తీ నుంచి ఎంత ట్రాఫిక్ ఉన్నా గంటల కొద్దీ పట్టదు కదా.

రెండో మెట్టు: ఎఫ్ఐఆర్

ఎఫ్ఐఆర్ అంటే కేసు పుట్టిన కాగితం. 2016 సెప్టెంబర్ 7న యూత్ బార్ అసోసియేషన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది ఏంటంటే, ఎఫ్ఐఆర్ నమోదైన 24 గంటల్లోపు పోలీస్ వెబ్‌సైట్‌లో పెట్టాలి. నెట్‌వర్క్ సరిగా లేని ప్రాంతాలకైతే 48 గంటలు, ఎంత ఆలస్యమైనా 72 గంటలు దాటొద్దు. హైదరాబాద్ నడిబొడ్డున నెట్‌వర్క్ సాకు చెల్లదు.

చూసే పద్ధతి ఇది. తెలంగాణ పోలీస్ వెబ్‌సైట్ తెరవండి. అడ్రస్ చివర "గవ్ డాట్ ఇన్" ఉందో లేదో చూసుకోండి. ఎఫ్ఐఆర్ చూసే ఆప్షన్ ఉంటుంది. అందులో హైదరాబాద్ కమిషనరేట్, తర్వాత పోలీస్ స్టేషన్ పేరు ఎంచుకోవాలి. ఎఫ్ఐఆర్ నంబర్, సంవత్సరం తెలిస్తే సూటిగా దొరుకుతుంది. నంబర్ తెలియకపోతే ముందు ఏ స్టేషనో ఖాయం చేసుకోండి. ఇల్లు ఉన్న ఏరియా స్టేషన్ కాదు, ఘటన జరిగిన ఏరియా స్టేషన్. ఇక్కడే చాలామంది పొరపాటు పడతారు. గల్లీకి ఈ పక్క ఒక ఠాణా, ఆ పక్క ఇంకో ఠాణా ఉండే ఊరు మనది.

ఎఫ్ఐఆర్ దొరికాక నాలుగు చూడండి. నంబర్, సంవత్సరం. పెట్టిన సెక్షన్లు. ఫిర్యాదు చేసింది ఎవరు. నిందితుల కాలమ్‌లో పేరు ఉందా, లేక "గుర్తు తెలియని వ్యక్తులు" అని ఉందా. ఈ నాలుగూ ఒక కాగితం మీద రాసుకుంటే లాయర్ దగ్గర మీ టైమ్, మీ డబ్బు రెండూ మిగులుతాయి.

సైట్‌లో కనిపించకపోతే? అన్ని ఎఫ్ఐఆర్‌లూ పెట్టరు. లైంగిక నేరాలు, పోక్సో, ఉగ్రవాదం లాంటి సున్నితమైన కేసులని ఆపొచ్చని అదే తీర్పులో ఉంది. కానీ ఆ నిర్ణయం డీఎస్పీ ర్యాంకుకి తగ్గని అధికారి తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో పెట్టకపోయినా, నిందితుడు గానీ అతని తరఫు మనిషి గానీ దరఖాస్తు పెట్టి ఎఫ్ఐఆర్ కాపీ తీసుకునే హక్కు ఉంది. ఇక ఫిర్యాదు ఇచ్చింది మీరే అయితే కాపీ ఉచితంగా ఇవ్వాలి, అది 173వ సెక్షన్.

మూడో మెట్టు: కోర్టు

కేసు కోర్టుకి చేరాక పోలీస్ సైట్ కంటే ఈ-కోర్ట్స్ మంచిది. వెబ్‌సైట్ ఉంది, "ఈ-కోర్ట్స్ సర్వీసెస్" పేరుతో యాప్ కూడా ఉంది. ఉచితం. అందులో వెతకడానికి చాలా దారులున్నాయి. సీఎన్ఆర్ నంబర్, కేసు నంబర్, ఎఫ్ఐఆర్ నంబర్, పార్టీ పేరు, అడ్వకేట్ పేరు.

సీఎన్ఆర్ అంటే కేసుకి ఆధార్ నంబర్ లాంటిది. అక్షరాలు, అంకెలు కలిపి మొత్తం 16 ఉంటాయి. అది ఒక్కసారి దొరికితే ఫోన్లో సేవ్ చేసుకోండి. మళ్లీ ఎప్పుడు కొట్టినా సూటిగా కేసులోకి వెళ్తారు. లేకపోతే రాష్ట్రం తెలంగాణ, జిల్లా హైదరాబాద్, తర్వాత కోర్టు కాంప్లెక్స్ ఎంచుకోవాలి. పాతబస్తీ స్టేషన్ల క్రిమినల్ కేసులు ఎక్కువగా నాంపల్లి క్రిమినల్ కోర్టుల్లోనే కనిపిస్తాయి. అక్కడ లేకపోతే జిల్లాలోని మిగతా కాంప్లెక్సులు కూడా ఒక్కొక్కటిగా చూడండి. హైకోర్టులో బెయిల్ పిటిషన్ ఉంటే తెలంగాణ హైకోర్టు సైట్‌లో వేరేగా వెతకాలి. మూసీ ఒడ్డున, నయాపూల్ దగ్గర ఉన్న ఆ ఎర్రటి బిల్డింగ్ రికార్డు కూడా ఇప్పుడు ఫోన్లోనే ఉంది.

స్క్రీన్ మీద ఏం కనిపిస్తుంది? కేసు ఏ దశలో ఉంది, వచ్చే వాయిదా ఎప్పుడు, ఏ జడ్జి, ఇంతకుముందు వాయిదాల్లో ఏం జరిగింది, ఆర్డర్లు అప్‌లోడ్ చేసి ఉంటే వాటి కాపీలు. వాయిదా తేదీ చాలా ముఖ్యం. తేదీ తెలియక కోర్టుకి పోకపోతే నాన్ బెయిలబుల్ వారెంట్ వస్తుంది. చిన్న కేసు అట్లా పెద్దదైపోతుంది. ఫోన్లో అలారం పెట్టుకున్నట్టే ఈ తేదీ కూడా పెట్టుకోండి.

ఇంకో ఉపయోగం. మనిషి జైల్లో ఉన్నప్పుడు, కేసుని బట్టి 60 రోజుల్లో గానీ 90 రోజుల్లో గానీ పోలీసులు చార్జిషీట్ వేయాలి. వేయకపోతే బెయిల్ అడిగే హక్కు వస్తుంది. చార్జిషీట్ పడిందా లేదా అన్నది రోజులు లెక్కపెట్టి లాయర్‌ని అడగండి. చంచల్‌గూడ జైల్లో ఉన్నవాళ్లని కలవడానికి అపాయింట్‌మెంట్ కోసం ఈ-ములాకాత్ అనే ప్రభుత్వ పోర్టల్ కూడా ఉంది.

పేరుతో వెతికేటప్పుడు అసలు ప్రమాదం

ఇప్పుడు ఫోన్ పక్కన పెట్టి ఈ మాట వినండి. పేరుతో వెతకడం అన్నిటికంటే ఈజీ, అన్నిటికంటే డేంజర్ కూడా అదే.

మొహమ్మద్ అనే ఒక్క పేరునే ఇంగ్లిష్‌లో ఎన్ని రకాలుగా రాస్తాం? పూర్తి స్పెల్లింగ్‌లోనే మూడు నాలుగు రకాలున్నాయి. కొందరు "ఎంఓహెచ్‌డీ" అని, కొందరు "ఎండీ" అని రాస్తారు. శ్రీనివాస్ కూడా అంతే. శ్రీనివాసులు, శ్రీనివాస రావు, "ఐ" ఒకటా "ఈ" రెండా. స్టేషన్లో రైటర్ ఎలా రాస్తే అదే రికార్డులో ఉంటుంది. కాబట్టి ఒక స్పెల్లింగ్‌తో కొట్టి "ఏమీ లేదు" అనుకోవడం తప్పు. ఒక పేరు దొరకగానే "దొరికాడు" అనుకోవడం అంతకంటే పెద్ద తప్పు. ఒకే పేరు, ఒకే ఏరియా, పక్కపక్క గల్లీలు, ఇద్దరు వేరే వేరే మనుషులు. తండ్రి పేరు, వయసు, అడ్రస్, స్టేషన్, సంవత్సరం ఇవన్నీ కలిస్తేనే అదే మనిషి అనుకోండి. ఒక్కటి కలవకపోయినా ఆగిపోండి.

మనిషి అదే అని తేలినా ఇంకో మెట్టు ఉంది. ఎఫ్ఐఆర్‌లో పేరుంది అంటే ఎవరో ఫిర్యాదు చేశారని అర్థం. అరెస్ట్ అంటే పోలీసులకి అనుమానం ఉందని అర్థం. చార్జిషీట్ అంటే పోలీసులు కోర్టులో ఆరోపణ పెట్టారని అర్థం. నేరం చేశాడని చెప్పేది తీర్పు ఒక్కటే. దాని మీద కూడా అప్పీల్ ఉంటుంది. ఈ-కోర్ట్స్‌లో "డిస్పోజ్డ్" అని కనిపిస్తే శిక్ష పడిందని కాదు, కేసు ముగిసిందని మాత్రమే. నిర్దోషి అని వదిలేసినా, రాజీ అయినా, శిక్ష పడినా అదే మాట వస్తుంది. ఆర్డర్ తెరిచి చదవాలి.

పాతబస్తీకి ఇది పుస్తకాల్లో మాట కాదు. 2007 మే 18, శుక్రవారం. మక్కా మసీదులో జుమ్మా నమాజు టైమ్‌లో పేలుడు జరిగింది. తొమ్మిది మంది చనిపోయారు. తర్వాత జరిగిన పోలీసు కాల్పుల్లో ఇంకో ఐదుగురు పోయారు. ఆ తర్వాత ఈ గల్లీల నుంచే ఎంతోమంది యువకులని అనుమానంతో పట్టుకున్నారు. కొందరు నెలల తరబడి జైల్లో ఉన్నారు. తర్వాత కోర్టు వాళ్లని నిర్దోషులని వదిలేసింది. అప్పటి ప్రభుత్వం నష్టపరిహారం కూడా ప్రకటించింది. పేలుడు కేసు చేతులు మారి సీబీఐకి, ఆపై ఎన్ఐఏకి వెళ్లింది. నిందితులు వేరే వాళ్లు అయ్యారు. 2018 ఏప్రిల్‌లో ఎన్ఐఏ కోర్టు విచారణ ఎదుర్కొన్న ఆ ఐదుగురినీ కూడా వదిలేసింది. ఇప్పుడు ఆలోచించండి. 2007లో పట్టుకున్న ఒక కుర్రాడి పేరు అప్పటి వార్తలో ఉంటుంది. వదిలేసిన వార్త లోపలెక్కడో చిన్నగా ఉంటుంది, లేదా ఉండదు. సెర్చ్ చేసేవాడికి మొదటిదే పైన కనిపిస్తుంది. ఉద్యోగం ఇచ్చేవాడు, పిల్లనిచ్చేవాడు రెండో వార్త దాకా పోతారా?

అందుకే 2021లో ఢిల్లీ హైకోర్టు, నిర్దోషిగా బయటపడ్డ ఒక వ్యక్తి పిటిషన్ మీద, అతని తీర్పు గూగుల్ సెర్చ్‌లో రాకుండా చూడమని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. అయితే కోర్టు రికార్డు పబ్లిక్‌గా ఉండటమూ అవసరమే. ఈ రెండిటి మధ్య గీత ఎక్కడ గీయాలన్న వాదన కోర్టుల్లో నడుస్తూనే ఉంది.

ఫోన్లో కనిపించనివి

కొన్ని ఎంత వెతికినా దొరకవు. రాత్రిళ్లు చబుత్రాల మీద కూర్చున్న పిల్లలని తీసుకెళ్లి, తల్లిదండ్రులని పిలిపించి, కౌన్సెలింగ్ ఇచ్చి పంపించే "ఆపరేషన్ చబుత్రా" ఇక్కడ అందరికీ తెలుసు. అట్లా కేసు రాయకుండా పంపిస్తే ఎఫ్ఐఆర్ ఉండదు. రౌడీ షీట్ కూడా అంతే. అది కోర్టు తీర్పు కాదు, పోలీస్ స్టాండింగ్ ఆర్డర్స్ కింద స్టేషన్లో తెరిచే ఫైలు. ఆన్‌లైన్‌లో ఉండదు. అన్యాయంగా తెరిచారనుకుంటే హైకోర్టులో సవాలు చేయొచ్చు. రోడ్డు మీద తీసే ఫోటోల సంగతి కూడా ఇంకా తేలాల్సిందే. పాతబస్తీలో పోలీసులు తన ఫోటో తీయడం మీద సామాజిక కార్యకర్త ఎస్.క్యూ. మసూద్ ఫేషియల్ రికగ్నిషన్‌ని ప్రశ్నిస్తూ తెలంగాణ హైకోర్టుకి వెళ్లారు. 2022 జనవరిలో కోర్టు ప్రభుత్వానికి నోటీసు ఇచ్చింది.

మరి మనిషిని తీసుకెళ్లారు, ఎఫ్ఐఆర్ లేదు, అరెస్ట్ చూపించలేదు, 24 గంటలు దాటింది. అప్పుడు ఫోన్లో వెతుకుతూ కూర్చోవద్దు. ఎప్పుడు, ఎక్కడ, ఎవరు తీసుకెళ్లారో టైమ్‌తో సహా రాసి పై అధికారికి రాతపూర్వకంగా ఇవ్వండి. లాయర్ ద్వారా హైకోర్టులో హెబియస్ కార్పస్ వేయొచ్చు. డబ్బు లేదని ఆగొద్దు. కస్టడీలో ఉన్నవాళ్లకి, ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంటుంది. నల్సా హెల్ప్‌లైన్ 15100. హైదరాబాద్‌లో సిటీ సివిల్ కోర్టు లీగల్ సర్వీసెస్ అథారిటీని అడగొచ్చు. ప్రాణానికి, స్వేచ్ఛకి సంబంధించిన సమాచారమైతే ఆర్‌టీఐ కింద 48 గంటల్లో ఇవ్వాలని కూడా చట్టంలో ఉంది.

ఇంకో మూడు మాటలు

ఒకటి. గల్ఫ్ ఉద్యోగానికి "నా మీద కేసు లేదు" అని చూపించాలంటే ఈ-కోర్ట్స్ స్క్రీన్‌షాట్ పనికిరాదు. పాస్‌పోర్ట్ సేవా సైట్‌లో పోలీస్ క్లియరెన్స్ సర్టిఫికెట్, అదే పీసీసీకి అప్లై చేయాలి. ఎవరిది వాళ్లే చేసుకోవాలి. పెండింగ్ కేసు ఉంటే దాచకండి, ముందు లాయర్‌తో మాట్లాడండి.

రెండు. "మీ మీద ఎఫ్ఐఆర్ ఉంది, వీడియో కాల్ కట్ చేయొద్దు, డిజిటల్ అరెస్ట్ చేస్తున్నాం" అని ఫోన్ వస్తే అది మోసం. చట్టంలో డిజిటల్ అరెస్ట్ అనేదే లేదు. వాళ్లు వాట్సాప్‌లో పంపే ఎఫ్ఐఆర్ కాగితం మీద స్టాంపు చూసి భయపడొద్దు. కట్ చేయండి. ఏ స్టేషన్ పేరు చెప్పారో ఆ స్టేషన్‌లో కనుక్కోండి. డబ్బు పోతే వెంటనే 1930కి ఫోన్ చేయండి.

మూడు. దొరికింది కదా అని ఎఫ్ఐఆర్ పీడీఎఫ్‌ని మొహల్లా గ్రూపులో వేయొద్దు. లైంగిక నేరాల్లో బాధితురాలి వివరాలు బయటపెడితే బీఎన్ఎస్ 72వ సెక్షన్ కింద రెండేళ్ల దాకా జైలు. పిల్లల కేసుల్లో పేరు, ఫోటో, స్కూల్ ఏదీ బయటికి రావద్దని జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్ చెప్తుంది. మిగతా కేసుల్లో కూడా తప్పు మనిషి పేరు పోతే పరువు నష్టం మీ మెడకి చుట్టుకుంటుంది.

పోలీసులు ఏం రాశారు, కోర్టు ఏం చేస్తోంది అన్నది జనం చూడగలగాలనే ఈ రికార్డులు పబ్లిక్‌లో పెట్టారు. లోపల ఉన్న మనవాడు ఎక్కడున్నాడు, వాయిదా ఎప్పుడు, బెయిల్ ఎక్కడిదాకా వచ్చింది, వీటికి వాడండి. పక్కింటాయన పరువు కొలవడానికి కాదు.

ఇవాళే ఒక పని చేయండి. ఈ-కోర్ట్స్ యాప్ వేసుకోండి. 15100, 1930 నంబర్లు సేవ్ చేసుకోండి. ఇంట్లో పెద్దవాళ్లకి సెక్షన్ 37, సెక్షన్ 48 అనే రెండు నంబర్లు నేర్పించండి. అవసరం రాకపోతే చాలా మంచిది. వస్తే మాత్రం ఇరవై వేలు అడిగే ఆయన కంటే ముందు మీకే తెలియాలి.